గ్రాఫిక్ ఈక్వలైజర్: పది స్లైడర్ల వెనుక ఉన్న పాఠం

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్సులో ఎల్‌సీఆర్ శ్రేణి వలయం చదవని ఎంపీసీ విద్యార్థి ఉండడు. అనునాద పౌనఃపున్యానికి సూత్రం రాయమంటే రాస్తాం. అనువర్తనం ఒకటి చెప్పమంటే "రేడియోలో స్టేషను ట్యూన్ చేయడానికి" అని రాసి మార్కు తెచ్చుకుంటాం. అక్కడితో ఆ పాఠం అయిపోయిందనుకుంటాం. కానీ అదే వలయం ఎడమకు పది, కుడికి పది చొప్పున ఒకే పెట్టెలో కూర్చుని పాట రంగునే మార్చే యంత్రం ఒకటి ఉంది. దాని పేరు స్టీరియో గ్రాఫిక్ ఈక్వలైజర్.

ఈ వ్యాసంలో దాని గురించి వివరంగా తెలుసుకుందాం. ఇంటర్ తమ్ముళ్ళకు ప్రాక్టికల్ వైవాలోను, డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ తీసుకున్నవారికి ఆప్-ఆంప్ పాఠంలోను ఇది అక్కరకు వస్తుంది. ఆర్ట్సు, కామర్సు మిత్రులు లెక్కలున్నచోట దాటేసినా ఫరవాలేదు గాని, చెవి గురించి, మైకు గురించి రాసిన భాగాలు మాత్రం తప్పక చదవండి. వార్షికోత్సవం రోజు స్పీకరు ముందు కూర్చునేది అందరమూ కదా.

పెట్టె పరిచయం

1970 దశకం నుండి 1980 దశకం చివరి వరకు జపాన్, అమెరికా, ఐరోపా దేశాల్లో సంగీతం మీద మోజున్నవారి ఇంట్లో 'హై-ఫై' సెట్టు ఉండేది. మనం చూసే టేప్ రికార్డరులాగా అన్నీ ఒకే డబ్బాలో ఉండవు. రికార్డు ప్లేయరు వేరు, రేడియో ట్యూనరు వేరు, క్యాసెట్ డెక్ వేరు, యాంప్లిఫైయరు వేరు. ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనుక వైర్లతో కలుపుకునేవారు. ఆ దొంతరలో ఒక అంతస్తు ఈక్వలైజర్‌ది. పయనీర్, టెక్నిక్స్, సాన్‌సుయ్, యమహా వంటి జపాన్ కంపెనీలు, సౌండ్‌క్రాఫ్ట్స్‌మెన్, ఏడీసీ వంటి అమెరికా కంపెనీలు వీటిని చేసేవి. పయనీర్ ఎస్‌జీ-9500 అనే మోడలులో ఒక్కో చానెల్‌కు 10 స్లైడర్లు ఉంటాయి. చౌకరకం వాటిలో 5 లేక 7, కొన్నింటిలో 12 కూడా ఉండేవి. మొదట్లో ముఖభాగం వెండిరంగు అల్యూమినియం పలక; 1980 దశకానికి నలుపు వచ్చింది. పాటకు అనుగుణంగా నీలి ఆకుపచ్చ గీతలు ఎగిరిపడే డిస్‌ప్లే కూడా తోడైంది. నిజం చెప్పాలంటే చాలామంది ఆ గీతల కోసమే కొనేవారు. ఆడియోకంట్రోల్ అనే అమెరికా కంపెనీ సీ-101 మోడలుతో ఒక మైకు కూడా ఇచ్చింది. గదిలో ఆ మైకు పెట్టి, ఏ పౌనఃపున్యం ఎంత వినిపిస్తోందో డిస్‌ప్లేలో చూసి, స్లైడర్లు సరిచేసుకోవచ్చు. ఇది మాత్రం అలంకారం కాదు, అసలైన ఉపయోగం.

మన పల్లెల్లోకి ఇంత పెద్ద సెట్లు రాలేదు. గల్ఫ్ నుంచి వచ్చినవారు తెచ్చిన పెద్ద టూ-ఇన్-వన్‌ల ముఖం మీద 5 చిన్న స్లైడర్లు ఉండేవి, గుర్తుందా? అవి ఈ పెట్టెకు తమ్ముళ్ళే. అటువంటి సెట్ల కోసం సాన్యో కంపెనీ ఎల్ఏ3600 అనే 5 బ్యాండ్ల ఐసీనే ప్రత్యేకంగా తయారు చేసింది.

పేరులో 'గ్రాఫిక్' ఎందుకు వచ్చిందంటే, స్లైడర్ల బొడిపెలన్నిటినీ కలుపుతూ ఒక గీత గీస్తే, ఏ పౌనఃపున్యాన్ని ఎంత పెంచాం, ఎంత తగ్గించాం అనే గ్రాఫు కళ్ళకు కనిపిస్తుంది. అడ్డంగా పౌనఃపున్యం, నిలువుగా డెసిబెళ్ళు. గ్రాఫు పేపరు అక్కర్లేదు.

'ఈక్వల్' చేయడమంటే దేనికి దేన్ని?

ఈ మాట టెలిఫోను ఇంజనీర్లది. మైళ్ళ కొద్దీ తీగ వెంట మాట ప్రయాణిస్తే అందులోని హెచ్చు పౌనఃపున్యాలు ఎక్కువగా క్షీణిస్తాయి. అవతలివారికి మాట మూతికి గుడ్డ అడ్డుపెట్టి మాట్లాడినట్లు వినిపిస్తుంది. కోల్పోయిన మేరకు హెచ్చు పౌనఃపున్యాలను తిరిగి పెంచి, ఇటు చెప్పినదానికి అటు విన్నదానిని సమం చేసే వలయాన్ని ఈక్వలైజర్ అన్నారు. తరువాత సినిమా హాళ్ళకు, రేడియో స్టేషన్లకు ఆ పద్ధతి వెళ్ళింది.

పాత ఎల్‌పీ రికార్డుల్లో కూడా ఇది జరిగేది, మనకు తెలియకుండానే. మంద్ర ధ్వనిని ఉన్నదున్నట్లు చెక్కితే గాడి మరీ వెడల్పై పక్క గాడిలోకి పోతుంది. అందుకని రికార్డు చేసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, హెచ్చు ధ్వనులను పెంచి చెక్కేవారు. వినేటప్పుడు యాంప్లిఫైయరు సరిగ్గా దానికి తలకిందులు చేయాలి. దీనికి 1954లో అమెరికాలో ఆర్ఐఏఏ అనే ప్రమాణం స్థిరపడింది.

ఇళ్ళలో వాడే యాంప్లిఫైయర్లకు మాత్రం బాస్, ట్రెబుల్ అని రెండే నాబులు. పీటర్ బాక్సాండాల్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1952లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రచురించిన వలయమే నేటికీ చాలా యాంప్లిఫైయర్లలో ఉంది. మంచి వలయమే. కాని బాస్ నాబు తిప్పితే కింది పౌనఃపున్యాలన్నీ కలిసి లేస్తాయి. మృదంగం తొప్పి నాదం కావాలని తిప్పితే, దానితోపాటు ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమనే 50, 100 హెర్ట్జ్ ధ్వని కూడా లేస్తుంది. ఒకటి కావాలి, పక్కది వద్దు అనుకున్నప్పుడే గ్రాఫిక్ ఈక్వలైజర్ అవసరం.

స్లైడర్ల కింద ఉన్న అంకెలు

పది బ్యాండ్ల పెట్టె మీద సాధారణంగా ఈ అంకెలు ఉంటాయి: 31.5, 63, 125, 250, 500, 1000, 2000, 4000, 8000, 16000. ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. మొదటి రెంటి మధ్య తేడా 31.5 హెర్ట్జ్, చివరి రెంటి మధ్య తేడా 8000 హెర్ట్జ్. ఇదేం పంపకం అని అనుమానం రావచ్చు. మన చెవి తేడాను కాదు, నిష్పత్తిని వింటుంది. హార్మోనియం మీద మధ్య స్థాయి షడ్జం పౌనఃపున్యం 240 హెర్ట్జ్ అనుకుంటే తార స్థాయి షడ్జం 480 హెర్ట్జ్. ఆ పై స్థాయి షడ్జం 720 కాదు, 960. ప్రతి స్థాయికి రెట్టింపు. దీనినే పాశ్చాత్యులు ఆక్టేవ్ అంటారు. మనిషి చెవి వినగల 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే సుమారు 10 స్థాయిలు వస్తాయి. అందుకే పది స్లైడర్లు. వృత్తి కళాకారులు వాడే పెట్టెల్లో ఒక్కో స్థాయిని మూడు భాగాలు చేసి 31 స్లైడర్లు పెడతారు.

1997లో వచ్చిన వినాంప్ అనే కంప్యూటర్ ప్లేయరు మీలో సీనియర్లకు గుర్తుండే ఉంటుంది. అందులోనూ 10 స్లైడర్లే గాని, అంకెలు 60, 170, 310, 600, 1000, 3000, 6000, 12000, 14000, 16000. చివరి మూడూ ఒకే స్థాయిలో ఇరుక్కుని ఉన్నాయి. అక్కడ మూడింటిని కదిపినా పెద్ద తేడా వినపడదు. మాటలుండే 1000, 3000 మధ్య మాత్రం ఖాళీ. ఆ పంపకం మాకైతే నచ్చదు.

డెసిబెల్ అంటే

స్లైడరు పక్కన పైకి +12, కిందికి -12 అని ఉంటుంది. ఇవి డెసిబెళ్ళు. సంవర్గమానాల పట్టిక ఎందుకు పనికొస్తుందో ఇంట్లో అడిగితే చెప్పేవారు మనలో చాలామందికి లేరు. తరగతిలో అడగడానికి మొహమాటం. కనుక ఇక్కడ నిదానంగా చూద్దాం.

రెండు సామర్థ్యాల నిష్పత్తికి 10 ఆధారంగా సంవర్గమానం తీసి, దాన్ని 10తో గుణిస్తే డెసిబెళ్ళు వస్తాయి. 2కు సంవర్గమానం 0.3010. పదితో గుణిస్తే 3.01. అంటే సామర్థ్యం రెట్టింపు అయితే 3 డెసిబెళ్ళు పెరిగినట్లు. నాలుగు రెట్లయితే 6, ఎనిమిది రెట్లయితే 9, పదహారు రెట్లయితే 12. గుణకారాలన్నీ కూడికలుగా మారిపోయాయని గమనించండి. సంవర్గమానం చేసే పనే అది. వోల్టేజికి లెక్క కడితే 10కి బదులు 20తో గుణించాలి, ఎందుకంటే సామర్థ్యం వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి +12 అంటే వోల్టేజి 4 రెట్లు, సామర్థ్యం దాదాపు 16 రెట్లు.

ఈ 16 అనే అంకెను మనసులో పెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

వలయం లోపల

ఇది వ్యాసంలో కష్టమైన భాగం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదివితే ఒక్కసారికే అర్థమవుతుంది.

ముందుగా ఒక ఆప్-ఆంప్ గీయండి. దానికి ప్లస్, మైనస్ అని రెండు ఇన్‌పుట్లు. పాట సిగ్నలు ఒక నిరోధం ద్వారా ప్లస్‌కు వస్తుంది. అవుట్‌పుట్ నుండి మరొక నిరోధం ద్వారా మైనస్‌కు ఫీడ్‌బ్యాక్ వెళ్తుంది. ఇప్పుడు స్లైడరు, అనగా నిలువుగా జరిపే పొటెన్షియోమీటరు. దాని ఒక కొనను ప్లస్‌కు, రెండో కొనను మైనస్‌కు కలపండి. మధ్యలో జరిగే కొన నుండి ఒక ప్రేరకం, ఒక కెపాసిటరు శ్రేణిలో కట్టి భూమికి దింపండి. ఇదే మన ఎల్‌సీఆర్ శ్రేణి వలయం.

అనునాద పౌనఃపున్యం వద్ద ప్రేరకం ప్రతిరోధం, కెపాసిటరు ప్రతిరోధం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది నిరోధమే. అంటే ఆ ఒక్క పౌనఃపున్యానికి భూమిలోకి దారి తెరుచుకుంటుంది. మిగతా వాటికి మూసి ఉన్నట్లే. స్లైడరును ప్లస్ వైపు జరిపితే, లోనికి వచ్చే సిగ్నలులో ఆ పౌనఃపున్యం భూమిలోకి కారిపోతుంది. కనుక తగ్గుతుంది. మైనస్ వైపు జరిపితే కారిపోయేది ఫీడ్‌బ్యాక్. ఫీడ్‌బ్యాక్ తగ్గితే ఆప్-ఆంప్ వర్ధనం పెరుగుతుందని చదువుకున్నాం. కనుక ఆ పౌనఃపున్యం పెరుగుతుంది. సరిగ్గా మధ్యలో ఉంటే రెండు వైపులా సమానంగా కారి, లాభనష్టాలు సరిపోతాయి. తగ్గించడానికి, పెంచడానికి వేరువేరు వలయాలు లేవు. ఒకే దారి, దాన్ని ఎటు వైపు తెరుస్తామన్నదే తేడా. ఇటువంటి స్లైడర్లను పదింటిని అదే రెండు ఇన్‌పుట్ల మధ్య సమాంతరంగా కట్టి, ఒక్కొక్కదానికి వేరు ఎల్, వేరు సి ఇస్తే పది బ్యాండ్ల ఈక్వలైజర్ తయారు.

ఇక్కడ ఒక చిక్కుంది. 1000 హెర్ట్జ్ బ్యాండుకు సుమారు 0.22 హెన్రీ ప్రేరకం కావాలనుకుందాం. 31.5 హెర్ట్జ్ బ్యాండు కూడా అదే వెడల్పుతో పనిచేయాలంటే ప్రేరకం 32 రెట్లు, అనగా 7 హెన్రీలు కావాలి. ఇనుప కోరు మీద వేల చుట్లు చుడితేగాని అంత రాదు. బరువు, ఖర్చు అటుంచి, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని అది 50 హెర్ట్జ్ గుర్రు పెడుతుంది. రెండు చానెళ్ళకు కలిపి అలాంటి చుట్టలు ఇరవై! తొలినాటి ఈక్వలైజర్లు నిజంగానే చుట్టలతో చేశారు. వాటిని ఇంట్లో పెట్టుకునే ధరకు తెచ్చింది ఒక ఉపాయం. దాని పేరు జైరేటర్. ఫిలిప్స్ ప్రయోగశాలలో పనిచేసిన డచ్ ఇంజనీరు బెర్నార్డ్ టెలెగెన్ 1948లో ఆ భావనను ప్రతిపాదించాడు. కెపాసిటరును ప్రేరకంలా నటింపజేయడమే జైరేటర్ పని.

అవుట్‌పుట్‌ను మైనస్‌కు నేరుగా కలిపిన ఒక చిన్న ఆప్-ఆంప్ తీసుకోండి. దీన్ని ఫాలోయర్ అంటారు. ప్లస్ వద్ద ఎంత వోల్టేజి ఉంటే అవుట్‌పుట్‌లో అంతే ఉంటుంది. సిగ్నలు వచ్చే కొన నుండి ప్లస్‌కు ఒక కెపాసిటరు, ప్లస్ నుండి భూమికి 100 కిలో ఓమ్‌ల నిరోధం కట్టండి. అదే సిగ్నలు కొన నుండి అవుట్‌పుట్‌కు 1 కిలో ఓమ్ నిరోధం కట్టండి. ఇప్పుడు హెచ్చు పౌనఃపున్యం వచ్చిందనుకోండి. కెపాసిటరు దాన్ని సులువుగా ప్లస్‌కు పోనిస్తుంది. అవుట్‌పుట్ కూడా అంతే ఎగురుతుంది. 1 కిలో ఓమ్ నిరోధానికి రెండు వైపులా సమాన వోల్టేజి ఉంటే విద్యుత్తు ఎలా ప్రవహిస్తుంది? ప్రవహించదు. తక్కువ పౌనఃపున్యం వస్తే కెపాసిటరు అడ్డుకుంటుంది, అవుట్‌పుట్ దాదాపు సున్నాగా ఉంటుంది, నిరోధం గుండా విద్యుత్తు హాయిగా ప్రవహిస్తుంది. హెచ్చు పౌనఃపున్యాన్ని ఆపి తక్కువదాన్ని పోనిచ్చేది ఏది? ప్రేరకం. చుట్ట లేకుండా ప్రేరకం వచ్చింది.

దాని విలువ రెండు నిరోధాల, కెపాసిటరు లబ్ధం. కెపాసిటరు 0.0022 మైక్రో ఫారడ్ అయితే 1000 × 1,00,000 × 0.0022 మైక్రో, అనగా 0.22 హెన్రీ. దీనికి శ్రేణిలో 0.12 మైక్రో ఫారడ్ కెపాసిటరు కట్టి, మనం బట్టీపట్టిన సూత్రంలో విలువలు వేసి చూడండి. 0.22 × 0.12 మైక్రో లబ్ధానికి వర్గమూలం తీసి, 6.28తో గుణించి, విలోమం తీసుకుంటే దాదాపు 980 హెర్ట్జ్ వస్తుంది. పెట్టె మీద '1000' అని రాసేది దీన్నే. ఈ ఒక్క బ్యాండును బ్రెడ్‌బోర్డు మీద కట్టడం మాకు ఒక మధ్యాహ్నం పని. కెపాసిటర్ల విలువల్లో 10 శాతం తేడా మామూలే కనుక ఆసిలోస్కోపులో శిఖరం ఎవరికి వారికి కొంచెం అటూ ఇటూగా వస్తుంది. 4558, టీఎల్072 వంటి ఐసీలు ఒక్కోదానిలో రెండేసి ఆప్-ఆంప్‌లుంటాయి. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. డిగ్రీ చివరి సంవత్సరం ప్రాజెక్టుకు రెడీమేడ్ కిట్టు కొని పేరు రాసుకునే బదులు, మూడు బ్యాండ్లు స్వయంగా కట్టినా వైవాలో తడుముకోవలసిన పని ఉండదు.

ఇంకొక్క మాట. పై లెక్క ప్రకారం వచ్చే శిఖరం సూదిలా ఉండదు; కొండలా ఇరుపక్కలా వాలి, పక్క బ్యాండులోకి కూడా వెళ్తుంది. అందువల్ల పక్కపక్కన మూడు స్లైడర్లు పైకి లేపితే మధ్యలో వచ్చే పెరుగుదల ఒక్కో స్లైడరు చూపించేదానికన్నా ఎక్కువ. ముఖం మీద కనిపించే గ్రాఫు అబద్ధం కాదుగాని పూర్తి నిజమూ కాదు.

మాట ఎక్కడ ఉంటుంది, పాట ఎక్కడ ఉంటుంది

31.5 దగ్గర చిన్న స్పీకర్లు అసలు పలకనే పలకవు. 63 దగ్గర డప్పు, పెద్ద డ్రమ్ముల అదురు. మగవారి గొంతు మూల పౌనఃపున్యం 100 పైచిలుకు, ఆడవారిది 200 ప్రాంతం, పిల్లలది ఇంకా పైన. 250 నుండి 500 వరకు గొంతుకు నిండుదనం. ఇది ఎక్కువైతే కుండలో మాట్లాడినట్లు ఉంటుంది. అచ్చుల బలమంతా చాలావరకు 1000 లోపే. హల్లులను గుర్తుపట్టేది మాత్రం 2000, 4000 దగ్గర. 'పాట', 'కాట', 'తాట' అన్న మూడింటిలో తేడా ఆ మొదటి అక్షరం పేలే రెప్పపాటులోనే ఉంది. స, శ, ష ల బుసలు ఇంకా పైకి వెళ్తాయి. పాత టెలిఫోను 300 నుండి 3400 హెర్ట్జ్ వరకు మాత్రమే పంపేది. మాట అర్థమవడానికి అది చాలింది గాని, పేరు చెబితే అక్షరం అక్షరం విడదీసి చెప్పవలసి వచ్చేది. 8000 పైన తాళాల గలగల, మువ్వల సవ్వడి. టేపు 'హిస్స్' కూడా ఆ పైభాగంలోనే ఎక్కువగా వినపడుతుంది, కాబట్టి క్యాసెట్ వినేటప్పుడు చివరి స్లైడర్లు లేపితే పాటకన్నా బుస ఎక్కువ వస్తుంది.

పెట్టె చేయలేని పని

గది కూడా ఒక వాయిద్యమే. 3.5 మీటర్ల పొడవున్న గదిలో ఎదురెదురు గోడల మధ్య స్థిర తరంగాలు ఏర్పడతాయి. మన ఎండలకు గాలిలో ధ్వని వేగం సెకనుకు 350 మీటర్లు అనుకుంటే, మొదటి పౌనఃపున్యం 350ను రెండింతల పొడవుతో, అంటే 7తో భాగించగా 50 హెర్ట్జ్. తరువాత 100, 150. మొదటి తరంగానికి గోడల దగ్గర పీడన మార్పు గరిష్ఠం, గది మధ్యలో దాదాపు శూన్యం. గోడకు ఆనుకున్నవాడికి బాస్ గుండెలు అదురుతుంటే, మధ్యలో కూర్చున్నవాడు "బాస్ లేదేమిట్రా" అంటాడు. వాడి కోసం 63 స్లైడరు ఎంత లేపినా ప్రయోజనం లేదు. శూన్యాన్ని నాలుగుతో గుణించినా శూన్యమే. గోడ దగ్గరున్నవాడికి మాత్రం భరించలేనంత అవుతుంది. కుర్చీ జరపడమే మందు.

రెండో విషయం చెవి. బెల్ ప్రయోగశాలల్లో హార్వే ఫ్లెచర్, మన్సన్ అనేవారు 1933లో ప్రచురించిన వక్రాల ప్రకారం, ధ్వని తగ్గేకొద్దీ మన చెవికి మంద్ర పౌనఃపున్యాలు మరీ తక్కువగా వినిపిస్తాయి. రాత్రిపూట వాల్యూము తగ్గించి వింటే పాట పేలవంగా ఉండటానికి కారణం ఇదే. అప్పుడు కింది రెండు మూడు స్లైడర్లు కొద్దిగా లేపడం న్యాయమే. వాల్యూము పెంచినప్పుడు వాటిని తిరిగి దించాలి. ఆ సంగతి మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

'ఏ మార్పూ చేయకుండా వినడమే శుద్ధమైన వినికిడి' అనేవారు 1980, 90 దశకాల్లో బలపడి, ఈ పెట్టెలు ఖరీదైన సెట్ల నుంచి తొలగిపోయాయి. గది, స్పీకరు, చెవి మూడూ ముందే మార్పు చేస్తుండగా శుద్ధం ఎక్కడిదని మా ప్రశ్న. అలాగని పదీ పైకి లేపి పెట్టేవారి పక్షమూ మేము కాదు. పదీ సమానంగా లేపితే అది వట్టి వాల్యూము పెంచినట్లే!

16 రెట్ల సంగతి

20 వాట్ల యాంప్లిఫైయరు ఉంది. మంద్ర భాగంలో 2 వాట్లు పోతున్నాయి. ఎవరో వచ్చి 63 స్లైడరు చివరిదాకా లేపాడు. 2ను 16తో గుణిస్తే 32 వాట్లు. యాంప్లిఫైయరు దగ్గర ఉన్నదే 20. సప్లై వోల్టేజిని మించి తరంగం పైకి పోలేదు కాబట్టి తల నరికినట్లు చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. ఏ ఆవర్తన తరంగాన్నయినా సైన్ తరంగాల మొత్తంగా రాయవచ్చని ఫ్రాన్సుకు చెందిన ఫోరియర్ 1822లో అచ్చయిన ఉష్ణ సిద్ధాంత గ్రంథంలో చూపించాడు. తల చదునైన తరంగంలో మూల పౌనఃపున్యానికి 3, 5, 7 రెట్ల పౌనఃపున్యాలు కొత్తగా పుడతాయి. గరగర శబ్దం అదే. ఈ అదనపు శక్తి సన్నటి తీగ చుట్ట ఉండే ట్వీటరులోకి వెళ్ళి దాన్ని కాలుస్తుంది. లేపింది బాస్, కాలింది ట్వీటరు. అందుకే చాలామందికి కారణం అంతుపట్టదు. బాస్ ఎక్కువ కావాలంటే మిగతా స్లైడర్లను కొంచెం కొంచెం దించి, వాల్యూము అవసరమైనంత పెంచుకోవడం తెలిసినవారి పద్ధతి.

కాలిన ట్వీటరుకు బదులు కొత్తది కొనవచ్చు. చెవికి అలా కుదరదు. లోపలి చెవిలోని కాక్లియా ప్రకృతి చేసిన ఈక్వలైజర్ లాంటిదే. నత్తగుల్లలా చుట్టుకున్న ఆ గొట్టంలో ద్వారం దగ్గర హెచ్చు పౌనఃపున్యాలు, చివరన మంద్ర పౌనఃపున్యాలు పొరను కదిలిస్తాయి. దీన్ని పరిశోధించిన గియోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పొర మీదుండే సన్నని రోమ కణాలు ఒకసారి చస్తే మనిషిలో తిరిగి పుట్టవు. పెద్ద శబ్దాల వల్ల మొదట దెబ్బతినేది సాధారణంగా 4000 హెర్ట్జ్ ప్రాంతం. అంటే హల్లులుండే చోటు. అటువంటి విద్యార్థికి మేష్టారి గొంతు వినపడుతుంది, మాట తెలియదు. తెలివి తక్కువని ఇతరులు అనుకుంటారు, తానూ అనుకుంటాడు.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ళ శబ్దంలో రోజుకు 8 గంటలు మించి ఉండరాదు. ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకు సమయం సగం. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కు గంట, 97కు అరగంట, 100కు పావుగంట. 3 డెసిబెళ్ళంటే సామర్థ్యం రెట్టింపు అని పైన చూశాం కదా, అందుకే ఈ సగం. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టెలకు ఆనుకుని రెండు గంటలు గెంతే తమ్ముళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఆ రాత్రి చెవిలో గుయ్యిమంటే, రోమ కణాలు దెబ్బతిన్నాయని గుర్తు.

పాత పెట్టె దొరికితే

పాత సామాను దుకాణాల్లో, ఎవరైనా విదేశాల నుండి తెచ్చి మూలన పడేసిన ఇళ్ళలో ఇవి ఇంకా కనిపిస్తాయి. ప్లగ్గు పెట్టకముందే వెనుక పలక చదవండి. జపాన్ దేశం లోపల అమ్మిన వాటికి 100 వోల్టులు, అమెరికావాటికి 120 వోల్టులు. మన 230కి నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. స్లైడరు కదిపితే బరబర వస్తే లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము చేరిందని అర్థం. స్విచ్ ఆపి, కాంటాక్ట్ క్లీనరు కొట్టి, ఇరవై సార్లు పైకీ కిందికీ ఆడిస్తే చాలావరకు పోతుంది. గుర్రుమని మోత వస్తే పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. యాంప్లిఫైయరుకు 'టేప్ మానిటర్' అని రాసిన సాకెట్లుంటే వాటి మధ్య ఈ పెట్టెను కలపాలి. స్పీకరు వైరును మాత్రం ఎప్పుడూ దీనికి పెట్టకూడదు.

మైకు కూత

ఇక మన వార్షికోత్సవానికి వద్దాం. ముఖ్య అతిథి మాట్లాడటం మొదలుపెట్టగానే మైకు కూయడం, ఆయన వెనక్కు జరగడం, ఆపరేటరు వాల్యూము తగ్గించడం, వెనుక వరుసల్లోని చిన్న తరగతుల పిల్లలు ఏమీ వినపడక గోల చేయడం అన్ని హాస్టళ్ళలో ఉన్నదే. స్పీకరు ధ్వని తిరిగి మైకులో దూరి, పెరిగి, మళ్ళీ స్పీకరులోకి వస్తూ వలయం ఏర్పడుతుంది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఏ పౌనఃపున్యం తగ్గకుండా ఉంటుందో అది కూస్తుంది. అన్నీ ఒకేసారి కూయవు. 1960 దశకంలో టెక్సాస్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు సి.పి. బోనర్ ఆ కూసే పౌనఃపున్యాలను మాత్రమే సన్నగా కోసివేసి పెద్ద పెద్ద హాళ్ళలో మాట స్పష్టంగా వినిపించేలా చేశాడు.

స్లైడర్ల కన్నా ముందు చేయవలసింది ఖర్చు లేని పని. స్పీకర్లు మైకుకు వెనుక కాకుండా ముందుండాలి. నోటికి, మైకుకు దూరం 30 సెంటీమీటర్ల నుండి 15కు తగ్గిస్తే విలోమ వర్గ నియమం ప్రకారం మైకుకు అందే మాట 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. ఏ యంత్రమూ ఇంత శుభ్రంగా 6 డెసిబెళ్ళు ఇవ్వదు. కనుక వక్తలకు మైకు దగ్గరగా జరిపి ఇచ్చే పని ఒక చురుకైన కుర్రవాడికి అప్పగించాలి.

ఆ తరువాత ఈక్వలైజర్. దాన్ని మిక్సరు అవుట్‌పుట్‌కు, పవర్ యాంప్లిఫైయరుకు మధ్యలో కలపాలి. మైకు వైరు నేరుగా దీనిలో పెడితే పనిచేయదు, మైకు సిగ్నలు కొద్ది మిల్లీ వోల్టులే. జనం రాకముందే మైకు తెరిచి వాల్యూము నెమ్మదిగా పెంచుతూ పోండి. కూత మొదలయ్యే అంచున ఆపి వినండి. 'ఊఁ' అన్నట్లుంటే 250, 500 మధ్య. 'ఆఁ' అన్నట్లుంటే 1000 దగ్గర. 'ఈఁ' అని కీచుమంటే 2000, 4000 మధ్య. అనుమానమున్న స్లైడరును 3 డెసిబెళ్ళు దించి, కూత ఆగితే వాల్యూము మరికాస్త పెంచండి. ఆగకపోతే దాన్ని మధ్యకు తెచ్చి పక్కదాన్ని చూడండి. ఇలా రెండు, ఎక్కువలో ఎక్కువ మూడు స్లైడర్లు. 31.5, 63 రెండూ మాటకు అక్కర్లేదు కాబట్టి పూర్తిగా దించేస్తే గాలి శబ్దం, మైకు స్టాండు తగిలిన దెబ్బలు తగ్గుతాయి. నృత్యాలు మొదలయ్యేటప్పుడు వాటిని తిరిగి మధ్యకు తేవాలి. 2000, 4000 దించవలసి వస్తే మాత్రం పిసినారిగా దించండి, హల్లులు పోతాయి.

చివరగా ఒకరిని వెనుక వరుసలో కూర్చోబెట్టి, ఇంకొకరు మైకులో పాఠ్యపుస్తకంలోని ఒక పేరా చదవాలి. పెట్టె మీద 'బైపాస్' లేదా 'డిఫీట్' అని ఒక బటను ఉంటుంది. అది నొక్కితే స్లైడర్లు లేనట్లు, వదిలితే ఉన్నట్లు. కూత రాని వాల్యూములో రెండు విధాలా వినిపించి, వెనుక కూర్చున్నవాడు స్లైడర్లు లేనప్పుడే మాటలు బాగా తెలుస్తున్నాయంటే, అన్నిటినీ మధ్యకు తెచ్చి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.